చలికాలం మెసేజ్ విన్న ఇల్లు

కౌన్సిలర్‌నయ్యాక నేను మొట్టమొదట తెలుసుకున్న సంగతి, నా మాట ఎవరూ వినరని. ఎదురుపడితే నమస్తే పెడతారు, కుర్చీ వేస్తారు, చాయ్ తాగమంటారు. మాట మాత్రం వినరు. వింటే గింటే మా ఆయన మాట వింటారు. మహిళల సీటని నేను నిలబడ్డాను, నేను గెలిచాను, ప్రమాణం కూడా నేనే చేశాను. అయినా గద్వాలలో మా వీధుల వాళ్లకు ఇప్పటికీ ఆయనే కౌన్సిలర్ సారు. మురుగు మోరీ నిండిందనో, వీధి లైటు పోయిందనో చెప్పడానికి వచ్చినవాళ్లు, ముందుగదిలో మిషన్ మీద జాకెట్లు కుడుతున్న నన్ను చూసి, "సారు లేడా?" అని అడిగి వెళ్లిపోయేవాళ్లు. సారుకు ఆ మోరీ ఎక్కడుందో కూడా తెలియదు.

అందుకే వాయిస్ మెసేజ్‌లు మొదలుపెట్టాను. వార్డు వాట్సాప్ గ్రూపులో నా గొంతే వినపడాలని నా పట్టుదల. వానకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి, ఎండాకాలానికి ఒకటి. నల్లా ఏ వేళకు వదులుతారు, దోమల పొగ ఎప్పుడు కొడతారు, చెత్తబండి ఎటు నుంచి వస్తుంది, ఇట్లాంటివన్నీ కలిపి చాంతాడంత మెసేజ్. రాసుకొని చదివితే బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు ఉంటుందని, ఫోను మిషన్ మీద పెట్టుకొని ఊరికే మాట్లాడేస్తాను. సగంలో కుక్కర్ కూత పెడుతుంది, లేదా ఎవరో గేటు కొడతారు. మళ్లీ మొదటి నుంచి. మా ఆయన పక్కనే పేపరు అడ్డం పెట్టుకొని నవ్వుతుంటాడు.

"నువ్వే మాట్లాడు, నువ్వే విను," అంటాడు. "గ్రూపుల ఎవరన్న విన్నరా ఎన్నడన్న? దండం బొమ్మలు పెడతరు, అయిపాయె."

ఆయన అన్నది నిజం కాబట్టే నాకు మండేది. మెసేజ్ పోయీ పోకముందే చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడతాయి. అంత పొడుగు మెసేజ్ అంత తొందరగా ఎట్లా వింటారు? మర్నాడు పొద్దున నల్లా దగ్గర నిలబడ్డవాళ్లే, "నీళ్లు ఏ టైముకొస్తయమ్మా?" అని నన్నే అడుగుతారు. నాకు దిగులు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎవరూ వినకపోతే ఏదో ఒకరోజు ఏదో అవుతుందని, అది నా మెడకు చుట్టుకుంటుందని లోపల ఎప్పుడూ పీకుతూనే ఉండేది.

పోయిన చలికాలం చలి ముందుగా వచ్చింది. తెల్లవారితే కృష్ణ వైపు నుంచి గాలి కోసేది. పత్తి ఏరడానికి ధరూర్ వైపు ఆటోల్లో పోయే ఆడవాళ్లు చెవులకు తువ్వాళ్లు చుట్టుకొని, ఒకరి మీద ఒకరు పడినట్టు కూర్చునేవాళ్లు. మా వీధి మలుపులో పాత టైర్లు వేసి చలిమంట కాచుకుంటుంటే ఆ కంపు ఇళ్లలోకి కొట్టేది. అంతలో కరెంటోళ్లు తీగలు మారుస్తామని, రేపు పగలంతా మా వైపు కరెంటు ఉండదని కబురు చేశారు. ఇంక చలికాలం మెసేజ్ పెట్టక తప్పదని ఆ సాయంత్రం ఫోను పట్టుకొని కూర్చున్నాను.

నల్లా సంగతి చెప్పాను. టైర్లు కాల్చొద్దని చెప్పాను. తర్వాత చెప్పిన రెండు మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "రేపు పొద్దుగాల సంది మాపటి దాక కరెంటుండదు, అందరు ముందుగాలనే చూసుకోండ్రి. చలి బాగున్నది, బాలింతలు, చంటిపిల్లలు ఉన్న ఇండ్లల్ల తలుపులు, కిటికీలు మంచిగ పెట్టుకొని ఇల్లు వెచ్చగ ఉంచుకోండ్రి." ఆ తర్వాత కుక్కల గురించి, పందుల గురించి. పంపించాను. దండం బొమ్మలు వచ్చాయి. మా ఆయన పేపరు మడిచి, "విన్నరు పో," అన్నాడు.

మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తుంటే మా సందు చివరింటి అవ్వ ఎదురొచ్చింది. ఆ అవ్వ కొడుకూ కోడలూ పనికోసం బొంబాయి వైపు పోయి ఏళ్లయింది. ఏ బిల్డింగు కడితే అక్కడే ఉంటారు. అవ్వ ఇక్కడ ఒక్కతే, వేరుశనగ కాయలు ఒలుచుకుంటూ బతుకుతుంది. ఆ నెలలోనే మనవరాలు మొదటి కాన్పుకు అవ్వ దగ్గరికి వచ్చింది. నెలలు నిండకముందే పిల్ల పుట్టింది. అరచేతిలో ఇమిడేటంత ఆడపిల్ల. పిల్లను వెచ్చగా ఉంచమని దవాఖానలో గట్టిగా చెప్పి పంపారు. నేను చూడ్డానికి పోయినప్పుడు గడపలో నుంచే చూపించింది అవ్వ. మంచం పైన, దూలానికి పెద్ద బల్బు ఒకటి వేలాడదీసి ఉంది. ఆ ఎర్రటి వెలుతురులో గుడ్డల మూటలాగా పిల్ల.

ఆ అవ్వ ఇప్పుడు ఇస్త్రీ బండి దగ్గర నుంచి వస్తోంది. నెత్తిమీద చిన్న తట్ట, తట్టలో బొగ్గులు.

"ఏందవ్వా, పొద్దున్నే బొగ్గులు?" అన్నాను.

"నువ్వు చెప్తివి కద బిడ్డా, కరెంటుండదని," అంది. "మా పోరి ఫోన్ల పెట్టింది. మొత్తం విన్న. మల్లొకసారి పెట్టించుకొని విన్న. గందుకే ముందుగాలనే చూసుకుంటున్న."

నాకు ఎంత సంతోషం కలిగిందో దాచుకోను. ఊరంతా చెవులు మూసుకుంటే, ఒక ముసలమ్మ నా మాట రెండుసార్లు విన్నది. "మంచి పని చేసినవ్ అవ్వా," అన్నాను. లోపలికి పోయి మా ఆయనకు చెప్పాను. "ఒక్కరన్న దొరికిండ్రు నీకు," అన్నాడాయన. ఆ మాటకు నేను పొంగిపోయి ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశాను.

కరెంటు చెప్పినట్టే పోయింది. మిషన్ మోటారు నడవదు కాబట్టి కాలితో తొక్కుతూ జాకెట్టు చేతులు అతుకుతున్నాను. ఎండ ఎక్కింది కానీ గాలి చల్లగానే ఉంది. ఇంతలో గ్రూపులో ఎవరో, కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగారు. చెప్పిందే కదా అని ఒళ్లు మండింది. చెప్పానా లేదా అని నాకే అనుమానం వచ్చి నా మెసేజ్ నేనే పెట్టుకొని విన్నాను. మా ఆయన వింటే నవ్వుతాడని ఫోను సౌండు తగ్గించుకున్నాను.

కరెంటుండదు, ముందుగాలనే చూసుకోండ్రి. తలుపులు, కిటికీలు మంచిగ పెట్టుకొని ఇల్లు వెచ్చగ ఉంచుకోండ్రి.

కాలు దానంతటదే ఆగిపోయింది. కరెంటు లేకపోతే ఆ బల్బు వెలగదు. బల్బు వెలగకపోతే అవ్వ ఏం చేస్తుంది? పొద్దున ఆ తట్ట నా కళ్లముందు నుంచే పోయింది. నేను మెచ్చుకున్నాను కూడా.

కుంపటి బొగ్గు సంగతి నాకు బాగా తెలుసు. కుట్టుపని నేర్చుకునే రోజుల్లో బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఉండేది మాకు. ఒక చలికాలం చలికి తాళలేక తలుపు వేసుకొని ఇస్త్రీ చేస్తూ కూర్చున్నాను. పొగ లేదు, వాసన లేదు. తల కొంచెం నొప్పి అనిపించింది, హాయిగా నిద్ర ముంచుకొచ్చింది. ఎవరో తలుపు నెట్టి వాకిట్లోకి ఈడ్చుకొచ్చేదాకా నాకు ఏమీ తెలియదు. కట్టెలైతే పొగకు దగ్గి బయటపడతాం. రాజుకున్న బొగ్గు దగ్గనివ్వదు, నిద్రపుచ్చుతుంది.

మనవరాలికి ఫోన్ చేశాను. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఆ ఫోను ఆ గదిలోనే, మంచం మీదే ఉండి ఉంటుంది. బాలింత చెవి పక్కనే మోగుతుంటే లేవడం లేదంటే ఏమనుకోవాలి? చేతిలో సూదో, కత్తెరో ఏదో పడేసి చెప్పులు లేకుండానే బయటపడ్డాను. మా ఆయన వెనుక నుంచి "యాడికే?" అని అరిచాడు. "ఆటో తీస్కరా, అవ్వ ఇంటికి," అన్నాను. ఎందుకని అడగలేదు, నా మొహం అట్లా ఉందేమో.

సందు పొడుగు ఎంతని? కానీ ఆరోజు తరగలేదు. అదేం కాదులే, కుంపటి వరండాలో పెట్టుకొని ఉంటారులే అని నాకు నేనే చెప్పుకుంటూ పరుగెత్తాను. నన్ను చూసి నవ్విన ఒకామె మీద కోపం కూడా వచ్చింది.

అవ్వ వాకిట్లో ఎండలో కూర్చొని కాయలు ఒలుస్తోంది. మొహంలో ఎంత నిమ్మళం. వెనుక గది తలుపు మూసి ఉంది. తలుపు కింది సందులో పాతచీర పేలిక కుక్కి ఉంది. కిటికీ రెక్కల సందుల్లో కూడా. ఎంత శ్రద్ధగా కుక్కిందంటే, వేలు పెట్టడానికి చోటు లేదు.

"అవ్వా, కుంపటి యాడున్నది?"

"లోపలనే," అంది. "మెల్లగ మాట్లాడు బిడ్డా, తల్లీబిడ్డ మంచిగ పండుకున్నరు. పొద్దుగాల సంది పిల్ల ఒక్కసారి గూడ ఏడ్వలే."

"పాలకు గూడ ఏడ్వలేదా?"

"లే. వెచ్చగున్నది కద."

తలుపు వైపు అడుగు వేస్తే అవ్వ లేచి అడ్డం నిలబడింది. కోపంగా కాదు, ప్రేమగానే. మా వైపు పురిటింటికి బయటి మనిషి వస్తే కాళ్లు కడుక్కొని, గడప బయట కాసేపు కూర్చొని, తనతో వచ్చిన గాలీ ధూళీ పోయాక లోపలికి పోవాలి. పిల్ల అసలే పిడికెడంత. ఆ కట్టుబాటు ఎవరి కోసమూ తప్పించదు అవ్వ.

"కాళ్లు కడుక్కో. జర సేపు కూసో. ఉరుక్కుంట వచ్చినవ్, ఏ గాలి తగిలిందో ఏమో," అంటూ చెంబు అందిస్తోంది.

"అవ్వా, తలుపు తియ్యి. బొగ్గుల గాలికి పాణం పోతది."

"గట్లనకు," అంది అవ్వ, అశుభం మాటన్నందుకు నొచ్చుకుని. "పొగే లేదు కద. నేను చూసే పెట్టిన."

ఆమెకు చెప్పి ఒప్పించేంత ఓపిక నాకు లేదు. అంత వయసు మనిషిని భుజం పట్టి పక్కకు నెట్టాను. చెంబు కింద పడి నీళ్లు కాయల మీద పోయాయి. తలుపు తోస్తే రాలేదు, కింద పేలిక బిగుసుకుంది. కాలితో తన్నాను.

లోపల కమ్మగా, వెచ్చగా ఉంది. దానికే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది. మంచం కింద కుంపటి, పైన పల్చగా బూడిద పట్టిన నిప్పు. మనవరాలు గోడ వైపు తిరిగి పడుకుంది. ఫోను దిండు పక్కనే ఉంది. భుజం పట్టి ఊపితే కళ్లు సగం తెరిచింది, ఏదో అనబోయింది, నాలుక తిరగలేదు. పిల్లను ఎత్తుకున్నాను. మెడ నా చేతి మీద వాలిపోయింది. బుగ్గలు మాత్రం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్న పిల్లలాగా ఉన్నాయి.

పిల్లతో బయటికి వచ్చాను. వెనకనే వచ్చిన మా ఆయన, ఆటో ఆయన కలిసి మనవరాలిని ఎత్తుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. చల్లగాలి తగలగానే ఆమె వాంతి చేసుకుంది. నేను పిల్ల అరికాళ్లు వేలితో కొడుతూనే ఉన్నాను. ఒక్కసారి ఏడువు తల్లీ, ఊరంతా వినపడేట్టు ఏడువు అని మనసులో ఎన్ని మొక్కులు మొక్కానో. అవ్వ ఏం అర్థంకాక, పిల్లకు చలి తగులుతుందని తన కొంగు తెచ్చి కప్పుతోంది. నేను తీసేస్తున్నాను. ఆమె మళ్లీ కప్పుతోంది. ఆటోలో కూర్చున్నాక పిల్ల నోరు తెరిచింది. ఏడుపు కాదు, పిల్లికూన చేసినంత చిన్న శబ్దం. దవాఖాన చేరేలోపు ఆ శబ్దం ఎక్కడ ఆగిపోతుందోనని చెవి పిల్ల మూతికి ఆనించి కూర్చున్నాను.

దవాఖానలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు చిన్నవాడు, మంచివాడే, కానీ గట్టిగా కసిరాడు.

"తలుపులన్నీ మూసి లోపల బొగ్గులు పెట్టమని ఎవరు చెప్పారు మీకు?"

అవ్వ నా వైపు తిరిగింది. ఆ మొహంలో నిష్ఠూరం లేదు. గర్వమే ఉంది.

"మా కౌన్సిలరమ్మ చెప్పింది సారూ. ఫోన్ల చెప్పింది. ఆమె చెప్పినట్టే చేస్తిమి, ఒక్కటి గూడ తప్పలే."

డాక్టరు నన్ను చూశాడు. బొగ్గులు పెట్టమని నేను చెప్పలేదని అనవచ్చు. అది అబద్ధం కూడా కాదు. మా ఆయన ఏదో సర్దిచెప్పబోతే వద్దని చెయ్యి పట్టుకున్నాను. అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను. ఇన్నాళ్లూ వినకపోతే ఏమవుతుందో అని భయపడ్డాను గానీ, వింటే ఏమవుతుందో ఏనాడూ అనుకోలేదు.

పొద్దు వాలేసరికి మనవరాలు తేరుకొని తన పిల్ల ఏదని అడిగింది. ఇంకాసేపటికి పిల్ల గట్టిగానే ఏడ్చింది. ఆ వార్డులో మిగతా పిల్లల ఏడుపుకు చెవులు మూసుకుంటున్న మా ఆయన, ఆ ఏడుపుకు మాత్రం తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. నర్సమ్మ వచ్చి, కరెంటు ఉన్నా లేకపోయినా పనికొచ్చే దారి ఒకటి చూపించింది. పిల్లను బట్టలు లేకుండా తల్లి రొమ్ముల మధ్య ఆనించి, తలకు టోపీ పెట్టి, పైన దుప్పటి కప్పింది. తల్లి ఒంటి వేడి చాలు, బల్బు కూడా అక్కర్లేదని, తల్లి అలిసిపోతే అవ్వయినా అట్లాగే ఎత్తుకోవచ్చని విడమర్చి చెప్పింది. అవ్వ అన్నీ శ్రద్ధగా విన్నది. తల మాత్రం ఊపలేదు.

నర్సమ్మ పోయాక నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఆమె చెప్పిందిలే," అంది. "నువ్వేమంటవ్ బిడ్డా? నువ్వు చెప్పు, గట్లనే చేస్త."

పొద్దున నేను నెట్టిన భుజాన్ని ఆమె మెల్లగా రుద్దుకుంటోంది. అయినా నా మొహంలోకే చూస్తోంది, నేనేం చెబితే అది మోసుకుపోవడానికి సిద్ధంగా. నాకు ఏడుపొచ్చింది. గ్రూపులో అంతసేపు ఆగకుండా మాట్లాడేదాన్ని, అట్లనే చెయ్యి అవ్వా అనే చిన్న మాట కూడా గబుక్కున అనలేకపోయాను. ఆ మాట ఆమె ఇంటికి పోయి ఏమవుతుందో నాకేం తెలుసు?

"చెప్త అవ్వా," అన్నాను చివరికి. "ముందుగాల నువ్వు చెప్పు. మీ ఇంట్ల ఏమేమున్నయి, రాత్రి ఎవరు యాడ పండుకుంటరు, తలుపు యాడుంది, గాలి యాడికెల్లి వస్తది, అంత చెప్పు."

అవ్వ ఆశ్చర్యంగా చూసింది. ఇట్లాంటివి కూడా ఎవరైనా అడుగుతారా అన్నట్టు. తర్వాత కొంగు సర్దుకొని, గడప దగ్గర నుంచి మొదలుపెట్టింది.